నీరు తోడకుండా స్విమ్మింగ్ పూల్ లోపలి లైటును మనమే మార్చుకోవచ్చా?

ప్రశ్న: మంగమారిపేట ఇల్లు

అందరికీ నమస్కారం. విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే సముద్రతీర మార్గంలో, మంగమారిపేట దగ్గర మా మామయ్యగారికి ఒక ఇల్లు ఉంది. ఆ ఇంటి పెరట్లో 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు గల చిన్న స్విమ్మింగ్ పూల్ ఉంది. లోతు ఒక మీటరు నుంచి మీటరున్నర వరకు ఉంటుంది. ఒక పక్క గోడలో, నీటి మట్టానికి సుమారు అర మీటరు కింద రెండు గుండ్రటి లైట్లు బిగించి ఉన్నాయి. వాటిలో ఒకటి వెలగడం మానేసింది. గట్టు మీద నుంచి వంగి చూస్తే దాని గాజు వెనుక సగం దాకా నీరు నిలిచి ఉన్నట్టు స్పష్టంగా కనబడుతోంది. రెండవది వెలుగుతోంది గాని, మునుపటి కాంతి లేదు.

ఇద్దరిని పిలిపించి అడిగాను. ఒకాయన, పూల్ మొత్తం ఖాళీ చేస్తే తప్ప లైటు ఊడదీయడం సాధ్యం కాదన్నారు. అంటే సుమారు 40 వేల లీటర్ల నీరు పారబోయాలి. మా బోరు నీరు కాస్త ఉప్పన కాబట్టి తిరిగి నింపడానికి ట్యాంకర్లే దిక్కు. రెండవ ఆయన, పంపుగదిలోని ట్రాన్స్‌ఫార్మర్ పాతబడిపోయిందని, దాన్ని తీసేసి నేరుగా 230 వోల్టులతో వెలిగే ఎల్‌ఈడీ లైటు పెట్టుకుంటే సగం ఖర్చుతో పని అయిపోతుందని చెప్పారు. ఈ రెండవ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు ఊరుకోవడం లేదు. వేసవి సెలవుల్లో పిల్లలందరూ ఆ నీటిలోనే ఉంటారు.

ఇంట్లో ఫ్యాను రెగ్యులేటర్లు, స్విచ్చులు మార్చిన అలవాటు నాకు ఉంది, మల్టీమీటర్ వాడటం తెలుసు. కనుక నేను అడగదలచుకున్నవి ఇవి: నీరు తోడకుండా ఈ లైటును మార్చవచ్చా? అందులో నేను స్వయంగా చేయదగినది ఎంత, లైసెన్సు ఉన్న మనిషికి విడిచిపెట్టవలసినది ఎంత? హాలోజన్ బల్బు స్థానంలో ఎల్‌ఈడీ పెట్టేటప్పుడు ఏమి చూసుకోవాలి? తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం: కొలను పనివాడు

నీరు తోడవలసిన అవసరం లేదండీ. గోడలోని గూడులో అమర్చే ఈ రకం లైట్లను, నీరు నిండుగా ఉండగానే పైకి తీయడానికి వీలుగానే తయారుచేస్తారు. లైటు వెనుక, గూడు లోపల, కొంత పొడవు కేబుల్ చుట్టగా చుట్టి దాచి ఉంటుంది. ముందున్న చట్రాన్ని విప్పితే ఆ చుట్ట వీడిపోయి, లైటు మొత్తం గట్టు మీదికి వచ్చేస్తుంది. మరమ్మతు అంతా పొడి నేల మీద కూర్చుని చేసుకోవచ్చు.

మీ ప్రాంతంలో పూల్ ఖాళీ చేయడం వృథా ఖర్చు మాత్రమే కాదు, ప్రమాదం కూడా. సముద్రానికి దగ్గరగా భూగర్భజలం పైపైనే ఉన్న చోట, ముఖ్యంగా వానలు పడిన తర్వాత, కింది నీటి ఒత్తిడి పూల్ అడుగును పైకి నెడుతూ ఉంటుంది. పూల్ నిండుగా ఉన్నంత కాలం లోపలి నీటి బరువు, మీ లెక్కలో 40 టన్నులు, ఆ ఒత్తిడికి ఎదురు నిలుస్తుంది. ఆ బరువు తీసేస్తే అడుగు పగలడమో, టైల్స్ లేచిపోవడమో, ఒక్కొక్కసారి పూల్ మొత్తం పైకి లేవడమో జరుగుతుంది. ఒక లైటు కోసం ఆ పని చేయించవద్దని గట్టిగా చెబుతున్నాను.

ముందుగా మీది ఏ రకమో తేల్చుకోండి. గోడలో లోతైన గుండ్రటి గూడు ఉండి, దాని మూతి మీద ఉక్కు చట్రం, చట్రానికి పైభాగాన ఒక పెద్ద స్క్రూ కనబడితే అది గూడు రకం. లైటు గోడ పైనే పళ్లెంలా పలుచగా అతుక్కుని ఉంటే అది గోడ మీద బిగించే రకం. ఈ పలుచని ఎల్‌ఈడీ లైట్లలో చాలావాటి లోపలంతా రెసిన్ పోసి గట్టిపరిచి ఉంటుంది కనుక వాటిని విప్పి బాగుచేయడం కుదరదు, మొత్తంగా మార్చవలసిందే. గాజు వెనుక నీరు నిలిచిందని మీరు రాశారు కాబట్టి మీది గూడు రకమే అనుకుంటున్నాను.

కరెంటు ఎలా ఆపాలో, ఆగిందని ఎలా నిర్ధారించుకోవాలో విద్యుత్ పని తెలిసినవారు చెబుతారు. అది పూర్తయ్యే వరకు నీటిలో చేయి కూడా పెట్టవద్దు. ఆ తర్వాత పంపు ఆపి, పూల్‌లో ఎవరూ దిగకుండా చూసుకుని, గట్టు మీద బోర్లా పడుకుని పని మొదలుపెట్టండి. పక్కన ఇంకొక మనిషి తప్పనిసరిగా ఉండాలి. పై స్క్రూ చేయి జారితే అడుగుకు పోతుంది కాబట్టి, ఆకులు తీసే వలను దాని కింద పట్టి ఉంచమని ఆ మనిషికి చెప్పండి. స్క్రూ వదులయ్యాక చట్రం పై అంచును ముందుకు లాగితే, కింద కొక్కెంలో ఇరుక్కున్న భాగం దానంతట అదే తప్పుకుంటుంది. కేబుల్ చుట్ట విప్పుతూ లైటును నెమ్మదిగా పైకి తీసుకురండి. మధ్యలో బిగుసుకుంటే బలం పెట్టి లాగవద్దు. ఎప్పుడో ఎవరో ఆ కేబుల్‌ను కోసి పొట్టి చేసి ఉండవచ్చు.

గట్టు మీదికి వచ్చాక శుభ్రంగా తుడిచి, నీరు ఎటు నుంచి లోపలికి వచ్చిందో వెతకండి. ఈ పనిలో అసలు ముఖ్యమైనది ఇదే. చాలామంది ఈ దశను దాటేసి కొత్త బల్బు పెట్టి మూసేస్తారు, రెండు నెలలకే మళ్లీ నీరు చేరుతుంది. గాజు చుట్టూ ఉండే రబ్బరు గ్యాస్కెట్ గట్టిపడి, నొక్కితే లొంగకుండా ఉంటే దోషం అక్కడిది. గాజుకు వెంట్రుకవాసి పగులు ఉంటే దోషం గాజుది. ఈ రెండూ బాగుండి లోపల నీరు ఉందంటే, కేబుల్ లైటులోకి ప్రవేశించే చోట దాన్ని బిగించి పట్టే గ్లాండ్ దగ్గర లీకు ఉందన్నమాట, లేదా కేబుల్ తొడుగు ఎక్కడో చిట్లి, ఆ నీరు తీగపోగుల మధ్య సందుల వెంట పాకి వచ్చిందన్నమాట. చివరి సందర్భంలో బల్బు మార్చి ప్రయోజనం లేదు, కేబుల్ మార్చాలి.

పాత గ్యాస్కెట్ చూడటానికి బాగున్నట్టు కనబడినా తిరిగి వాడవద్దు. ఒకసారి అణిగిన రబ్బరు మళ్లీ అదే గాడిలో సరిగ్గా కూర్చోదు. కొత్తదానికి సిలికాన్ గ్రీజు పలుచగా రాయండి. వాజెలిన్ వంటి పెట్రోలియం సరుకు వాడితే ఈ గ్యాస్కెట్లలో వాడే చాలా రకాల రబ్బరు ఉబ్బి పాడవుతుంది. చట్రం చుట్టూ స్క్రూలను వరుసగా ఒకదాని పక్కన ఒకటి బిగించకుండా, ఒకటి బిగించాక దానికి ఎదురుగా ఉన్నదాన్ని బిగిస్తూ, రెండు మూడు విడతలుగా ఒత్తిడి సమానంగా పడేలా చేయండి. తర్వాత, కరెంటు ఆపి ఉండగానే, లైటును బకెట్ నీటిలో ముంచి కాసేపు గమనించండి. మొదట పైన అంటుకున్న గాలి బుడగలు లేవడం సహజం, ఒకే చోటు నుంచి వరుసగా బుడగలు వస్తూ ఉంటే అక్కడ కట్టు సరిగా పడలేదు.

ఇంకొక్క మాట. హాలోజన్ లైటును నీటి బయట వెలిగించి చూడవద్దు. దాని వేడిని లాగేసేది చుట్టూ ఉన్న నీరే. గాలిలో వెలిగిస్తే కొద్దిసేపటికే గాజు పగలవచ్చు, గ్యాస్కెట్ మాడవచ్చు. ఎల్‌ఈడీకి కూడా తయారీదారు ఇచ్చిన కాగితంలో అనుమతి ఉంటేనే, అదీ వారు చెప్పిన క్షణాల మేరకే వెలిగించాలి.

సమాధానం: విశ్రాంత పర్యవేక్షకుడు

పై సమాధానం చాలా బాగుంది. విద్యుత్ సంగతి నేను చెబుతాను. ముందుగా ఆ రెండవ మనిషి ఇచ్చిన సలహా గురించి: ట్రాన్స్‌ఫార్మర్ తీసేసి నేరుగా 230 వోల్టుల లైటు పెట్టడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. ఇందులో ఖర్చు తగ్గించుకునే ప్రశ్నే లేదు.

కారణం వివరిస్తాను. తడిసిన ఒంటి నిరోధం బాగా పడిపోతుంది. లెక్క కోసం దాన్ని 1000 ఓములు అనుకుంటే, 230 వోల్టుల దగ్గర ఒంటి గుండా 230 మిల్లీ ఆంపియర్లు పోతాయి. 10 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల దగ్గరే కండరాలు మన మాట వినడం మానేస్తాయి. నేల మీద అయితే పడిపోయిన మనిషిని పక్కకు లాగవచ్చు, నీటిలో అయితే ఆ మనిషి చప్పుడు చేయకుండా మునిగిపోతాడు. రక్షించడానికి దూకిన వారికీ అదే గతి పడుతుంది. 12 వోల్టుల దగ్గర అదే లెక్కకు 12 మిల్లీ ఆంపియర్లే వస్తాయి. నీటిలో మునిగిన ఒంటికి నిరోధం ఇంకా తక్కువ కనుక 12 వోల్టులను కూడా నిర్లక్ష్యం చేయరాదు. అయినా పూల్ నీటి లోపలికి ఆ స్థాయి మించి పోకూడదన్న నియమం వెనుక ఉన్న ఆలోచన ఇదే. అంతర్జాతీయ ఐఈసీ 60364 ప్రమాణంలో ఈత కొలనులకు ప్రత్యేకంగా 702వ విభాగం ఉంది. దాని ప్రకారం కొలను లోపలి ప్రాంతం సున్నా మండలం, అంచు నుంచి 2 మీటర్ల వరకు మొదటి మండలం, ఆపైన మరో 1.5 మీటర్లు రెండవ మండలం. మనుషులు దిగే సున్నా మండలంలో ఏసీ అయితే 12 వోల్టులు, డీసీ అయితే 30 వోల్టులు దాటని, భూమితో సంబంధం లేని భద్ర విద్యుత్తు మాత్రమే వాడాలి. దాన్ని ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్‌ను మూడు మండలాలకూ అవతల పెట్టడమే శ్రేయస్కరం. అంటే నీటి అంచు నుంచి కనీసం మూడున్నర మీటర్ల దూరం.

ఆ ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఏదో ఒకటి అయితే సరిపోదు. లోపల రెండు చుట్టలూ విద్యుత్ పరంగా పూర్తిగా వేరై, ఐఈసీ 61558-2-6 ప్రమాణానికి సరిపోయే సేఫ్టీ ఐసోలేటింగ్ రకం అయి ఉండాలి. ఒకే చుట్టతో పనిచేసే ఆటో ట్రాన్స్‌ఫార్మర్ చివర 12 వోల్టులు చూపించినా, అవతలి ఫేజుతో దానికి నేరుగా లంకె ఉంటుంది కనుక అది నీటిలోకి 230 వోల్టులు పంపడానికి ఒక చిన్న లోపం చాలు. దుకాణంలో వోల్టేజీ ఒక్కటే చెప్పి కొనవద్దని అందుకే అంటున్నాను.

ఇక్కడ చాలామందికి ఉన్న ఒక అపోహను తొలగించాలి. 'మా బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతట అదే ఆపేసే స్విచ్చు) ఉంది, ఏదైనా అయితే అదే పడిపోతుంది' అని ధైర్యంగా ఉంటారు. ఆర్‌సీసీబీ తప్పక ఉండాలి, ట్రాన్స్‌ఫార్మర్‌కు వెళ్లే 230 వోల్టుల వైపు అది కాపలా కాస్తుంది. కాని ఐసోలేటింగ్ ట్రాన్స్‌ఫార్మర్ దాటిన తర్వాత 12 వోల్టుల వైపు జరిగే ఏ లీకూ దానికి కనబడదు, ఎందుకంటే ఆ కరెంటు తిరిగి భూమి ద్వారా ఇవతలి వైపుకు రాదు. నీరు నిండిన మీ లైటు వల్ల ఆర్‌సీసీబీ పడకపోవడం, అంతా క్షేమంగా ఉందనడానికి సాక్ష్యం కాదు.

ఇక కరెంటు ఆపడం. పూల్ లైటు ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండూ దించండి. మీ ఇంట్లో ఇన్వర్టర్ గాని జనరేటర్ గాని ఉంటే, పూల్ లైట్ల లైను దాని నుంచి వస్తోందేమో చూడండి. మెయిన్ ఆపి నిశ్చింతగా ఉన్నవారికి ఇన్వర్టర్ లైను నుంచి కరెంటు తగిలిన సంఘటనలు నా ఉద్యోగ కాలంలో చూశాను. బోర్డుకు తాళం వేసి తాళంచెవి మీ జేబులో పెట్టుకోండి, ఇంట్లో అందరికీ చెప్పండి. ఆ తర్వాత మల్టీమీటర్‌తో, ముందు పనిచేస్తున్న ఒక ప్లగ్గులో పెట్టి అది సరిగా చూపిస్తోందని నిర్ధారించుకుని, ట్రాన్స్‌ఫార్మర్ లోపలికి వచ్చే తీగల మధ్య, ఒక్కొక్క తీగకూ ఎర్త్‌కూ మధ్య, బయటికి పోయే తీగల మధ్య కొలవండి. జేబులో పెట్టుకునే నియాన్ టెస్టర్ ఈ పనికి చాలదు. 12 వోల్టులకు అది అసలు వెలగదు కనుక వెలగలేదంటే కరెంటు లేదని అర్థం కాదు. కొలతలన్నీ సున్నా అని తేలాక మీటరును మళ్లీ ఆ ప్లగ్గులో పెట్టి చూడండి.

మీరు చేయదగినది ఎంత అని అడిగారు. 1956 నాటి భారత విద్యుత్ నియమాలలోనూ, 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ తెచ్చి, 2023లో కొత్తవి వచ్చే వరకు అమలులో ఉన్న భద్రతా నిబంధనలలోనూ ఒక గీత స్పష్టంగా గీసి ఉండేది. ఉన్న ఏర్పాటు సామర్థ్యం, స్వభావం మారకుండా దీపాలు, ఫ్యూజులు, స్విచ్చుల వంటివి మార్చుకోవడానికి మినహాయింపు ఇచ్చారు. కొత్తగా చేర్చడం, మార్పులు, మరమ్మతులు వంటి మిగిలిన విద్యుత్ పనులన్నీ లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు చేతనే, యోగ్యతా పత్రం ఉన్న వ్యక్తి పర్యవేక్షణలోనే జరగాలి. కనుక 12 వోల్టుల బల్బు తీసి 12 వోల్టుల బల్బు పెట్టడం, గ్యాస్కెట్ మార్చడం మీరు చేయండి. ట్రాన్స్‌ఫార్మర్, దానికి ముందున్న లైను, కేబుల్ మార్పిడి, ఎర్తింగ్ మాత్రం లైసెన్సు ఉన్నవారికి అప్పగించండి.

ప్రశ్నించినవారి మాట: మంగమారిపేట ఇల్లు

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మీరు చెప్పినట్టే కరెంటు ఆపి, కొలిచి, మా బావమరిదిని పక్కన నిలబెట్టుకుని లైటును పైకి తీశాను. పూల్ ఖాళీ చేయకుండానే పని జరిగింది. అది గూడు రకమే. లోపల 12 వోల్టులు, 300 వాట్ల పార్ 56 హాలోజన్ బల్బు ఉంది. పంపుగదిలో ఒక్కో లైటుకు ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. రెండూ రాగి చుట్టల బరువైన రకం, మీద ఐసోలేటింగ్ అని, 300 వీఏ అని ముద్రించి ఉంది. పంపుగది నీటి అంచుకు 6 మీటర్ల దూరంలో ఉంది. మళ్లీ కరెంటు ఇచ్చి బయటికి వచ్చే వైపు కొలిస్తే రెండింటిలోనూ 13 వోల్టుల లోపే చూపించింది. కనుక ట్రాన్స్‌ఫార్మర్ పాడైందన్న మాట నిజం కాదు.

అయితే ఒక కొత్త విషయం బయటపడింది. లైటు వెనుక కేబుల్ చుట్టలో, అంటే నీటిలోనే, ఒక అతుకు ఉంది. రెండు కేబుళ్లను కలిపి నల్ల టేపు చుట్టి, పైన ఎం-సీల్ ముద్ద పెట్టారు. ముద్ద పగిలి ఉంది. అతుకు నుంచి లైటు వరకు ఉన్న ముక్క, బోరు మోటార్లకు వాడే బల్లపరుపు కేబుల్. బల్బు టెర్మినళ్ల నిండా పచ్చని చిలుము పట్టింది. గ్యాస్కెట్ మాత్రం ఇంకా మెత్తగానే ఉంది. ఆ అతుకును మంచి సామానుతో తిరిగి వేసి వాడుకోవచ్చా, లేక కేబుల్ మొత్తం మార్చాలా? రెండవ లైటుకు కూడా ఇప్పుడే ఎల్‌ఈడీ పెట్టడం మంచిదా?

సమాధానం: కొలను పనివాడు

మీ లైటులోకి నీరు ఎలా వచ్చిందో మీ మాటల్లోనే ఉంది. లైటు గ్లాండ్ గుండ్రటి కేబుల్ కోసం చేసినది. అందులో బల్లపరుపు కేబుల్ దూరిస్తే ఎంత బిగించినా రెండు పక్కలా సందు మిగిలిపోతుంది. దానికి తోడు పగిలిన అతుకు నుంచి తీగపోగుల వెంట నీరు పాకింది. బోరు మోటారు కేబుల్ నీటిలో ఉండగలదు కదా అని పెట్టి ఉంటారు. కేబుల్ నీటికి ఓర్చుకున్నా గ్లాండ్ దాన్ని పట్టుకోలేకపోయింది.

అతుకును తిరిగి వేయవద్దు. లైటు నుంచి జంక్షన్ బాక్సు (కేబుళ్లను కలిపే పెట్టె) వరకు ఒకే ముక్క ఉండాలి. నీటిలో శాశ్వతంగా మునిగి ఉండటానికి తయారైన, గుండ్రటి, రబ్బరు తొడుగు కేబుల్ తెప్పించండి. మంచి లైట్లు తయారీ దశలోనే ఇటువంటి పొడవైన కేబుల్‌తో వస్తాయి. పాత కేబుల్‌ను బయటికి లాగేసే ముందు దాని కొనకు బలమైన నైలాన్ తాడు కట్టి లాగితే, గూడు నుంచి జంక్షన్ బాక్సుకు కేబుల్ పోయే పైపులో తాడు మిగులుతుంది, దానితో కొత్త కేబుల్ లాగవచ్చు. ఈ ఒక్క జాగ్రత్త మరిచిపోతే మలుపులున్న పైపులోకి కొత్త కేబుల్ దూర్చడానికి రోజంతా పడుతుంది. గూడు లోపల కేబుల్ పైపులోకి పోయే మూతిని సరైన సీలుతో మూయించండి. పూల్‌లో నీరు ఎంత మట్టంలో ఉంటే ఆ పైపులోనూ అంతే మట్టంలో నిలుస్తుంది. అందుకే జంక్షన్ బాక్సు నీటి మట్టానికి పైన ఉండాలి, మీది ఎక్కడుందో చూడండి. గట్టులో పూడ్చి ఉంటే పైకి తీయించండి. పూల్ నీరు కారణం తెలియకుండా తగ్గుతోందని వచ్చే ఫిర్యాదుల్లో కొన్నింటికి మూలం ఈ పైపు మూతి దగ్గరే దొరుకుతుంది.

సమాధానం: లాసన్స్ బే నివాసి

సామాను ఎంపిక గురించి, మన ఊరి గాలిని దృష్టిలో పెట్టుకుని రెండు సంగతులు చెబుతాను. సముద్రపు గాలిలోని ఉప్పు, బోరు నీటిలోని ఉప్పు, పూల్‌లో వేసే క్లోరిన్, మూడూ లోహాన్ని తినేవే. చట్రానికీ స్క్రూలకూ 316 రకం స్టీలు తీసుకోండి. అందులో కలిపే మాలిబ్డినం వల్ల అది ఉప్పును 304 రకం కంటే బాగా తట్టుకుంటుంది. దుకాణంలో అయస్కాంతం పెట్టి, అంటుకోలేదు కాబట్టి మంచి స్టీలే అని చూపిస్తారు. ఆ పరీక్ష 304కూ 316కూ మధ్య తేడాను చెప్పలేదు. పెట్టె మీద రాసి ఉన్నదీ, బిల్లులో రాయించుకున్నదీ మాత్రమే నమ్మండి. నీటి పీహెచ్ 7.2 కంటే కిందికి పోకుండా చూసుకోవడం కూడా లైటు ఆయువులో భాగమే, ఎందుకంటే ఆమ్లగుణం పెరిగిన నీరు లోహాన్నీ రబ్బరునూ త్వరగా పాడుచేస్తుంది.

రెండవ లైటు కాంతి తగ్గడానికి బల్బు వయసు ఒక కారణం కావచ్చు, కేబుల్ మరొక కారణం కావచ్చు. 12 వోల్టుల దగ్గర 300 వాట్ల బల్బు 25 ఆంపియర్లు లాగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి లైటుకు దారి 20 మీటర్లు అనుకుంటే, పోను రాను 40 మీటర్ల తీగ. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు అంత పొడవులో సుమారు 0.2 ఓముల నిరోధం ఉంటుంది. అంటే దారిలోనే 5 వోల్టుల దాకా ఖర్చయిపోయి, బల్బుకు అందేది 7 వోల్టులకు అటూఇటూగా మిగులుతుంది. అదే చోట 18 వాట్ల ఎల్‌ఈడీ పెడితే అది లాగేది ఒకటిన్నర నుంచి 2 ఆంపియర్లే కాబట్టి దారిలో పోయేది అర వోల్టు కూడా ఉండదు. పాత కేబుల్‌తో మసకగా వెలిగిన చోటే ఎల్‌ఈడీ నిండుగా వెలగడానికి కారణం ఇదే.

18 వాట్ల ఎల్‌ఈడీ 300 వాట్ల హాలోజన్ ఇచ్చే కాంతి అంతా ఇవ్వదు. పెద్ద పూల్‌కు 30, 35 వాట్లవి కావాలి. కాని 8 మీటర్ల పూల్‌లో రెండు 18 వాట్లవి చాలునని నా అభిప్రాయం. రోజుకు 4 గంటలు వెలిగిస్తే పాత లైటు ఒక్కొక్కటి 1.2 యూనిట్లు తింటుంది, కొత్తది 0.1 యూనిట్ కూడా తినదు. రెండూ ఒకేసారి మార్చండి, లేకపోతే ఒకటి పసుపుగా, ఒకటి తెల్లగా కనబడి నీరు రెండు ముక్కలుగా తోస్తుంది. బల్బు మీద 12 వోల్టుల ఏసీకి పనిచేస్తుందని స్పష్టంగా రాసి ఉండాలి, కొన్ని డీసీకి మాత్రమే చేసినవి ఉంటాయి. వెనుక భాగం ఆకారం, లోతు మీ పాత పార్ 56 బల్బుకు సరిపోతాయో లేదో కొలిచి తీసుకెళ్లండి.

సమాధానం: విశ్రాంత పర్యవేక్షకుడు

రాగి చుట్టల ట్రాన్స్‌ఫార్మర్లు కావడం మీకు కలిసివచ్చింది. హాలోజన్ కోసం చేసిన ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌ఫార్మర్లు అయితే, వాటికి కనీస భారం కావాలి కనుక ఎల్‌ఈడీ పెట్టగానే మిణుకుమిణుకుమనేవి. మీవి భారం లేనప్పుడు 12 కంటే కాస్త ఎక్కువ చూపించడం సహజమే. కొనబోయే ఎల్‌ఈడీ ఎంత వోల్టేజీ వరకు తట్టుకుంటుందో దాని కాగితంలో చూసి, మీ కొలత ఆ హద్దులో ఉందని నిర్ధారించుకోండి. 12 వోల్టుల తీగల్లో దేన్నీ ఎర్త్‌కు కలపవద్దని పనివారికి ముందే చెప్పండి. అలవాటు కొద్దీ కలిపేవారు ఉన్నారు, కలిపితే భూమితో సంబంధం లేని భద్రత అక్కడితో పోతుంది. ఎర్త్‌కు కలపవలసినవి వేరు: పూల్ నిచ్చెన, పట్టుకునే కమ్మీలు, పంపు మోటారు బాడీ, కాంక్రీటులోని ఇనుము, గూడు లోహంతో చేసినదైతే ఆ గూడు. ఇవన్నీ ఒకే తీగతో ఒకదానికొకటి కలిసి ఉండాలి. మీ పూల్‌లో ఆ కలయిక ఉందో లేదో ఇదే అదనుగా పరీక్షింపజేయండి.

రెండవ లైటు కేబుల్ చుట్టను కూడా ఇప్పుడే పైకి తీసి చూడండి. ఒకే చేతి పని అయితే అక్కడా అదే అతుకు ఉండవచ్చు. అది తేలే వరకు ఆ లైటు కూడా ఆపి ఉంచండి, పిల్లలను పగలు మాత్రమే ఈత కొట్టనివ్వండి. కొత్త కేబుళ్లు వేశాక, ఎల్‌ఈడీ బల్బులు, ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైపులా విడదీసి ఉంచి, తీగల మధ్య, తీగలకూ భూమికీ మధ్య 250 వోల్టుల డీసీ మెగ్గర్‌తో ఇన్సులేషన్ పరీక్ష చేయమని మీ కాంట్రాక్టరును అడగండి. ఈ రకం భద్ర విద్యుత్తుకు ప్రమాణం కోరేది కనీసం అర మెగాఓమ్, కొత్త కేబుల్‌కు అంతకు ఎన్నో రెట్లు రావాలి. బల్బు కలిపి ఉండగా మెగ్గర్ పెడితే ఎల్‌ఈడీ లోపలి సర్క్యూటు కాలిపోతుంది కాబట్టి ఆ క్రమం తప్పనివ్వకండి. వచ్చిన అంకెలను తేదీ వేసి పంపుగదిలో రాసి ఉంచితే, వచ్చే ఏడాది వానాకాలం తర్వాత మళ్లీ కొలిచినప్పుడు కేబుల్ ఎంత క్షీణించిందో పోల్చి చూసుకోవడానికి మీకు ఆధారం ఉంటుంది.